వీధి దరువు నేర్చుకునే ముందు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం తార్నాక పరిసరాల్లోని ఒకే కాలనీ నుంచి వచ్చాయి. అక్కడి సంక్షేమ సంఘం వచ్చే జనవరి 26న పిల్లలూ పెద్దలూ కలిసి వాయిస్తూ నడిచే ఊరేగింపు ఒకటి తీయాలని, అందుకోసం బ్రెజిల్‌లోని ఆఫ్రికా సంతతి ప్రజల వాద్య సంప్రదాయాన్ని ఆదివారం తరగతుల్లో నేర్పించాలని నిర్ణయించింది. నేర్చుకోవాలని ఉబలాటపడేవారు, నేర్పించే ఏర్పాట్లలో ఉన్నవారు, అసలు వద్దనేవారు కూడా రాశారు కనుక అందరికీ ఒకేచోట జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: నా వయసు 58. చిన్నతనంలో కోలాటం ఆడడం తప్ప సంగీతంతో ఎలాంటి పరిచయమూ లేదు. మా కోడలు తాను చేరుతూ నన్నూ చేరమంటోంది. ఇంతకీ ఇది ఏ రకం వాద్యం? ఈ వయసులో నాకు పట్టుబడుతుందా? — ఒక గృహిణి, తార్నాక

జవాబు: సంఘం వారి కరపత్రాన్ని బట్టి చూస్తే మీకు నేర్పబోయేది సాంబా-రెగే. బ్రెజిల్ అనగానే మనకు రియో నగరపు కార్నివాల్, ఈకల కిరీటాలు, ఊపిరి సలపని వేగం గుర్తుకు వస్తాయి. సాంబా-రెగే పుట్టింది అక్కడికి చాలా దూరంలో, ఈశాన్య తీరాన బయియా రాష్ట్ర రాజధాని అయిన సాల్వడార్‌లో. 1979లో ఆ నగరపు పాతపేట పెలోరిన్యోలో ఏర్పడిన ఒలొడుమ్ అనే బృందానికి వాద్య నాయకుడైన నెగీన్యో దు సాంబా, 1980ల నడిమి కాలంలో స్థానిక సాంబా నడకకు జమైకా దేశపు రెగే సంగీతంలోని నెమ్మదిని జోడించి ఈ దరువును తీర్చిదిద్దాడు. రియో సాంబా కంటే ఇది బాగా నిదానం. మనిషి మామూలుగా నడిచే వేగానికి దగ్గరగా ఉంటుంది. కొత్తవారికి వీధి ఊరేగింపు నేర్పడానికి దీన్ని ఎంచుకోవడం తెలివైన పనే.

బృందంలో అందరూ ఒకే వాద్యం వాయించరు. సుర్దో అనే పెద్ద పీపా ఆకారపు వాద్యం నడుముకో భుజానికో వేలాడుతూ లోతైన గుమ్మనే నాదంతో కాలాన్ని మోస్తుంది. రెండు సుర్దోలు ఒకదాని తరువాత ఒకటి బదులు పలుకుతుంటే, కాస్త చిన్నవైన మరికొన్ని సుర్దోలు రెండు కర్రలతో ఆ ఖాళీల్లో దొర్లుతున్నట్టుగా మోగుతాయి. అడుగున తీగలు బిగించి ఉండే కాయిషా గలగలమని నిరంతరం నడుస్తుంది. సన్నని ప్లాస్టిక్ పుల్లలతో కొట్టే రెపీక్ ముందుండి పిలుపునిస్తుంది, మిగిలినవారు దానికి జవాబిస్తారు. మీరు సుర్దోతో మొదలుపెట్టండి. దాని పని చూడడానికి తేలిక. దెబ్బలు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. తిరుగుతూ, అడుగు వేస్తూ, ఎదుటివారి కోలను సమయానికి తాకడం మీకు ఎన్నడో అలవాటైన విద్య కనుక, కూర్చుని తాళం వేయడం మాత్రమే తెలిసిన పడుచువారి కంటే మీకే ముందు పట్టుబడినా ఆశ్చర్యం లేదు. మోకాళ్ల నొప్పి ఉంటే మాత్రం 22 అంగుళాల సుర్దోకు బదులు చిన్నది, అల్యూమినియం గుల్లతో చేసినది అడగండి.

ఆడవారు ఇంత పెద్ద వాద్యం మోయడమేమిటని కాలనీలో ఎవరైనా అంటే, అదే నెగీన్యో దు సాంబా 1993లో ఒలొడుమ్‌కు వెలుపల, ఆడవారి కోసమే దిదా అనే వాద్య పాఠశాలను పెలోరిన్యోలోనే నెలకొల్పాడని చెప్పండి.

ప్రశ్న: మా తాతా నాయనా డప్పు కళాకారులు. నేనూ వాయిస్తాను. బోనాలకు, చావుకు, ఎన్నికల ర్యాలీకి మమ్మల్ని పిలిచే కాలనీవాళ్లే జనవరి 26కు మాత్రం సముద్రాల అవతలి దరువును డబ్బిచ్చి నేర్చుకుంటున్నారు. మాది వాద్యం కాదా? — ఒక డప్పు కళాకారుడు, మాణికేశ్వరినగర్

జవాబు: మీ ప్రశ్నలోని నొప్పి న్యాయమైనది. దాన్ని దాటవేసి ‘సంగీతానికి ఎల్లలు లేవు’ అని ఒక మాట చెప్పి ముగించడం మర్యాద అనిపించుకోదు.

సాల్వడార్ చరిత్రను చూస్తే మీ మాటకు మరింత బలం వస్తుంది. అట్లాంటిక్ దాటించి అమెరికా ఖండాలకు బానిసలుగా తరలించిన ఆఫ్రికన్లలో అత్యధికులు, 48 లక్షలకు పైగా, దిగింది బ్రెజిల్‌లోనే. ఆ దేశంలో బానిసత్వం రద్దయింది 1888లో. ఆఫ్రికా మూలాలున్న వారి మతమైన కాందోంబ్లే ఆలయాలు డోలు మోగించుకోవాలంటే పోలీసుల దగ్గర నమోదు చేసుకుని తీరాలన్న నిబంధన బయియాలో 1976 వరకూ ఉంది. కార్నివాల్‌లో ఖరీదైన క్లబ్బుల ఊరేగింపులు తమను చేర్చుకోకపోవడంతో లిబెర్దాదె పేటలోని నల్లజాతి యువకులు 1974లో ఇలే అయే అనే తమ సొంత బృందాన్ని పెట్టుకుని, మరుసటి ఏడు తమ వాద్యాలతో తామే వీధికెక్కారు. అప్పటి పత్రికలు వారిని మెచ్చుకోలేదు. ఒలొడుమ్ సహా తరువాత వచ్చిన బృందాలన్నీ ఆ దారిలో నడిచినవే. 1996లో మైకేల్ జాక్సన్ తన పాట చిత్రీకరణకు పెలోరిన్యో వచ్చి ఒలొడుమ్ వాద్యకారుల మధ్య నిలబడ్డాక ప్రపంచమంతా ఆ దరువును గుర్తించింది. ఒకప్పుడు ఆ వీధుల్లో దాన్ని సహించనివారికి సైతం అది ఇప్పుడు నగరపు గర్వచిహ్నం. అంటరానివాడి చేతిదని ఊరి చివర ఉంచిన వాద్యం డప్పు. దాన్ని అక్కడే ఉంచి, అణచివేతకు ఎదురు నిలిచిన వాద్యమంటూ ఇంకో దేశపుదాన్ని నడివీధిలోకి తెచ్చుకోవడంలో ఉన్న వైరుధ్యాన్ని సంఘం వారు గమనించి ఉండాల్సింది.

అయితే తరగతులు మానుకోవాలని నేను అనను. ఆఫ్రికా దరువు హైదరాబాద్‌కు కొత్తదేమీ కాదు. నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్విక దళం వారసులు నగరంలోని ఏసీ గార్డ్స్ ప్రాంతంలో నేటికీ ఉన్నారు. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల సంతతి బార్కస్ ప్రాంతంలో ఉంది. వారి మార్ఫా వాద్యం లేకుండా పాతబస్తీ పెళ్లి ఊరేగింపు సాగదు. ఇక రెండో దిశ నుంచి చూడండి. గాంధీజీ హత్య జరిగిన మరుసటి ఏడు, 1949లో, సాల్వడార్ ఓడరేవు కూలీలు కార్నివాల్‌లో నడవడానికి ఒక బృందం కట్టి దానికి ఫిల్యోస్ జి గాంధీ, అంటే గాంధీ బిడ్డలు, అని పేరు పెట్టుకున్నారు. తెల్లటి దుస్తులు, తలపాగాలు, నీలం-తెలుపు పూసల దండలతో, ఇజెషా అనే నెమ్మది దరువు మీద ఆ బృందం నేటికీ వేల సంఖ్యలో నడుస్తోంది. భారతదేశాన్ని ఎన్నడూ చూడని కూలీలు మన మనిషి పేరును తమ వీధిలోకి తీసుకున్నప్పుడు, ఎక్కడిదో దాచకుండా, తలకెత్తుకుని తీసుకున్నారు. మన కాలనీ కూడా అదే పద్ధతిలో తీసుకుంటే అభ్యంతరం ఉండదు.

సంఘానికి నా సూచన ఒకటే, అది ఖర్చుతో కూడినది. బ్రెజిల్ దరువు నేర్పే శిక్షకునికి ఎంత ఇస్తున్నారో డప్పు నేర్పే గురువుకూ అంతే ఇచ్చి, రెండో తరగతి కూడా పెట్టాలి. డప్పు వాయించే రెండు పుల్లలు, సిర్రా సిటికెన పుల్లా, పట్టుకోవడం, చర్మాన్ని సెగకు కాచి బిగించుకోవడం, దరువు నుంచి దరువుకు మారడం పిల్లలు నేర్చుకోవాలి. మీరు శిష్యులకు నేర్పడానికి ముందుకు వస్తే కాలనీకి అదృష్టమే. రానంటే అదీ మీ హక్కు. రెండు బృందాలనూ హడావిడిగా కలిపేసి ‘ఫ్యూజన్’ అనడం మాత్రం వద్దు. రెండూ విడివిడిగా నడిచి, ఒక కూడలి దగ్గర రెపీక్ పిలుపుకు డప్పు జవాబిచ్చేలా ఒక్క ఘట్టం కట్టుకుంటే, దేని గొంతు దానికి నిలుస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి కొన్నేళ్లుగా మృదంగం నేర్చుకుంటున్నాడు. కర్రలతో వాయిస్తే చేయి మొద్దుబారుతుందని వాడి గురువుగారు అంటున్నారు. మావాడేమో చేరి తీరతానంటున్నాడు. — ఒక తల్లి, హబ్సిగూడ

జవాబు: గురువుగారి ఆందోళనను కొట్టిపారేయకండి, అయితే అది పడవలసిన చోటు వేరు. కాయిషా కర్రలను మునివేళ్లతో వదులుగా పట్టి, మణికట్టుతో తిప్పుతారు. దానివల్ల మృదంగపు చేతికి వచ్చే నష్టం పెద్దగా ఉండదు. జాగ్రత్త పడవలసింది టింబావ్ అనే పొడవాటి వాద్యంతో. దాన్ని అరచేతులతో, బిగుతైన ప్లాస్టిక్ ముఖం మీద గట్టిగా చరుస్తారు. వేళ్లు వాచిపోతాయి. చేతి వాద్యమే కదా, మనవాడికి దగ్గరగా ఉంటుందని శిక్షకుడు మీ అబ్బాయికి అదే ఇవ్వబోతాడు. వద్దని చెప్పండి.

దరువు అర్థం చేసుకోవడంలో మీవాడు మిగిలినవారి కంటే ముందుంటాడు. సాంబా-రెగేలో కాయిషా, రెపీక్ తరచుగా పట్టుకునే ఒక ప్రసిద్ధమైన నడక ఉంది. పదహారు చిన్న మాత్రల్లో అయిదు దెబ్బలు 3, 3, 4, 3, 3గా పడతాయి. మన జతుల్లో చెప్పుకుంటే ‘తకిట తకిట తకధిమి తకిట తకిట’. ప్రతి జతిలో తొలి అక్షరం మీద దెబ్బ. ఇప్పుడు ఇదే మాటను పైకి అంటూ, నాలుగేసి మాత్రలకు ఒక అడుగు చొప్పున గదిలో నడవమనండి. మొదటి దెబ్బ ఒక్కటే అడుగుతో కలుస్తుంది, మిగిలిన నాలుగూ అడుగుల మధ్య పడతాయి. కాలు ఒక లెక్క, చేయి ఒక లెక్క నడుపుతూ రెండూ తొణకకుండా ఉండడమే ఇందులో ఉన్న పరీక్ష. నోటితో రాని దాన్ని చేతికి ఇవ్వకూడదనే మన పద్ధతి ఇక్కడా అక్షరాలా పనికివస్తుంది కనుక, తరగతిలో అందరికీ ఈ జతులే ముందు చెప్పించమని శిక్షకునికి సూచించవచ్చు.

మీవాడికి కష్టమయ్యేది ఇంకొకటి ఉంది. తని ఆవర్తనంలో, అంటే కచేరీలో మృదంగం ఒంటరిగా మోగే ఘట్టంలో, కొత్త కొత్త అల్లికలు వేసి మెప్పు పొందే అలవాటున్న పిల్లవాడు ఇక్కడ ఒకే మాటను అరగంట సేపు మార్చకుండా వాయించాలి. రెండో వారానికే విసుగు పుట్టి అలంకారాలు మొదలుపెడతాడు, దాంతో పక్కవాడు తప్పుతాడు. కచేరీ దగ్గర్లో ఉంటే, అది అయ్యాకే చేర్చండి.

ప్రశ్న: వాద్యాలన్నీ బ్రెజిల్ నుంచి తెప్పించాలంటే మా సంఘం నిధులు చాలవు. ప్రత్యామ్నాయాలు ఉన్నాయా? ఎంతమందికి ఏవి కావాలి? — సంఘం కార్యదర్శి

జవాబు: అన్నీ తెప్పించనక్కర లేదు. పాఠశాల బ్యాండ్లలో ఉండే సైడ్ డ్రమ్ దాదాపు కాయిషా పనే చేస్తుంది. పెళ్లి బ్యాండు మేళాల వారి పెద్ద డ్రమ్మును ముఖాలు పక్కలకు ఉండేలా కాక, ఒక ముఖం పైకి వచ్చేలా పట్టీతో వేలాడదీస్తే, మెత్తటి గుడ్డ చుట్టిన కర్రతో కొట్టినప్పుడు సుర్దోకు దగ్గరి నాదం వస్తుంది. పండుగలు, ముహూర్తాలు లేని నెలల్లో ఆ మేళాల వారు వాద్యాలు అద్దెకు ఇవ్వడానికి ఒప్పుకుంటారు. మరమ్మతులు కూడా వారికే బాగా తెలుసు. కొనదలిస్తే రెపీక్‌లు రెండు మూడు కొనండి, ఎందుకంటే దాని పదునైన గొంతుకు మన దగ్గర సరైన బదులు లేదు. మొదటి నెల అసలు ఏమీ కొనవద్దన్నది నా గట్టి అభిప్రాయం. ప్లాస్టిక్ నీళ్ల డ్రమ్ములు, కుర్చీల సీట్లు, రబ్బరు చాపలు చాలు. ఉత్సాహంతో పేర్లు ఇచ్చిన వారిలో ఎంతమంది మిగులుతారో అప్పటికి తేలుతుంది.

ఇరవై మంది మిగిలితే పెద్ద సుర్దోలు నాలుగు, చిన్న సుర్దోలు నాలుగు, కాయిషాలు ఏడు, రెపీక్‌లు మూడు ఇచ్చి, మిగిలిన ఇద్దరికి అగోగో జంట గంటలు ఇవ్వవచ్చు. అందరూ రెపీక్ అడుగుతారు. అడుగు భాగం బలంగా లేని బృందం వీధిలోకి రాగానే, నాలుగు గోడల మధ్య గంభీరంగా వినిపించినదల్లా డబ్బాల మోతలా మిగులుతుంది.

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడిని, హృద్రోగిని. కమ్యూనిటీ హాలు మా ఇంటి గోడను ఆనుకునే ఉంది. ప్రతి ఆదివారం ఈ మోత భరించాలా? నేను ఫిర్యాదు చేస్తే పండుగ చెడగొట్టిన ముసలివాడినవుతాను. — పేరు రాయవద్దన్న పాఠకుడు

జవాబు: ఫిర్యాదు చేయడానికి మీకు పూర్తి హక్కు ఉంది. శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలు, 2000 ప్రకారం నివాస ప్రాంతాల్లో పగటి ప్రమాణం 55 డెసిబెల్స్, రాత్రి 45. బహిరంగ స్థలంలో ఏ శబ్దం చేసినా దాని సరిహద్దు దగ్గర ఆ ప్రమాణాన్ని 10 డెసిబెల్స్ కంటే మించకూడదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకూ, మూసిన ఆవరణలకు ఉన్న మినహాయింపు తప్ప, వాద్యాలు మోగించకూడదు. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించే వీలుంది. ఇరవై వాద్యాలు మీ గోడ అవతల మోగితే 65 దాటుతుందని చెప్పడానికి యంత్రం అవసరం లేదు.

ఫిర్యాదుకు ముందు సంఘాన్ని ఈ మూడూ అడిగి చూడండి: తొలి వారాలన్నీ చాపల మీదే సాధన చేయడం, నిజమైన వాద్యాలతో చేసే సాధనను ఇళ్లకు దూరంగా ఉన్న మైదానానికి మార్చడం, ఏ రోజు ఎప్పటి నుంచి ఎప్పటి వరకు మోగుతుందో ముందుగా కాగితం మీద రాసి ఇంటింటికీ ఇవ్వడం. ఆఖరిది చిన్న విషయంలా కనిపించినా, ఆగే సమయం ముందే తెలిసిన మోతకూ తెలియని మోతకూ రోగికి చాలా తేడా ఉంటుంది.

అదే సందర్భంలో వాయించేవారికీ ఒక మాట. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటల వరకు చెవి తట్టుకోగలదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సిఫారసు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ వ్యవధి సగమవుతుంది. ఆ లెక్కన 100 దగ్గర మిగిలేది పావుగంటే, పైగా హాలు లోపల ఇలాంటి బృందం ఆ అంకెను సులభంగా చేరుతుంది. మందుల దుకాణాల్లో దొరికే నురుగు చెవి బిరడాలు లేకుండా ఏ పిల్లవాడినీ సాధనకు కూర్చోనివ్వకండి.

ప్రశ్న: ఊరేగింపులో పిల్లలకు ముఖాలకు నల్లరంగు పూసి, ఆకుల పావడాలు కట్టి ‘ఆఫ్రికా వేషం’ వేయిద్దామని కొందరు అంటున్నారు. ఇంకొందరు ఇవి అక్కడి దేవతల దరువులు, మనం వాయించవచ్చా అంటున్నారు. — ఒక నృత్య శిక్షకురాలు

జవాబు: వేషం వద్దే వద్దు. ఏసీ గార్డ్స్ నుంచి ఒక కుటుంబం ఆ ఊరేగింపు చూడడానికి వస్తే వారి ముందు ఆ పిల్లలను నిలబెట్టగలరా? ఒకే రంగు చొక్కాలు, తలకు ఒక గుడ్డ చాలు.

రెండో సందేహానికి: కాందోంబ్లే ఆలయాల్లో మోగే అటబాకీ అనే వాద్యాలు పవిత్రమైనవి, వాటికి సంస్కారాలు ఉంటాయి; వాటి జోలికి మనం పోనక్కర లేదు. సాంబా-రెగే మాత్రం వీధి కోసం కట్టిన దరువు. ఇజెషా ఆలయం నుంచి వీధికి వచ్చినది కనుక, నేర్పితే ఆ సంగతి చెప్పి నేర్పాలి.

ప్రశ్న: హాలులో బాగానే వాయిస్తున్నాం. నడవడం మొదలుపెట్టగానే చెదిరిపోతున్నాం. ఎందుకు? — తరగతిలోని ఒక విద్యార్థి

జవాబు: శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. వరస 30 మీటర్ల పొడవు సాగితే ముందువారి దెబ్బ వెనుకవారికి దాదాపు సెకనులో పదకొండో వంతు ఆలస్యంగా చేరుతుంది. మీ దరువు వేగంలో ఒక చిన్న మాత్ర నిడివి సెకనులో ఏడో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది కనుక, ఆ ఆలస్యం సగం మాత్రను మించిపోతుంది. వినిపించినదానితో కలవాలని చూసినకొద్దీ వెనుకపడతారు. అందుకే వరసకు నలుగురైదుగురు చొప్పున, మొత్తం బృందం 10 మీటర్లలో ఇమిడేలా దగ్గరగా నడవండి. సుర్దోలు వెనుక, రెపీక్‌లు ముందు ఉంచి, చెవిని కాక నాయకుని చేతిని నమ్మండి. వాయించకుండా జతులు చెబుతూ వీధిలో నడిచే సాధన కనీసం రెండు మూడు ఆదివారాలు చేయండి. ఊరేగింపు దారికి పోలీసు అనుమతి ముందుగానే తీసుకుని, మలుపుల దగ్గర ఆగి వాయించేలా ఏర్పాటు చేసుకుంటే, బయటి వరస వారు పరుగెత్తవలసిన బాధ తప్పుతుంది.

నాయకుడు సాధారణంగా బృందం వైపు తిరిగి వెనక్కి నడుస్తాడు. మన కాలనీ వీధుల్లో స్పీడ్ బ్రేకర్లు, సగం తెరిచిన మ్యాన్‌హోల్ మూతలు, నిద్రపోతున్న కుక్కలు ఉంటాయి. ఆయన భుజం మీద చేయి వేసి దారి చూపే ఒక మనిషిని, వాద్యం ఏదీ ఇవ్వకుండా, ఇప్పుడే నియమించుకోండి.